ఎస్ఆర్‌పీ స్పీడ్ పెంచినా ఆయిల్ పెరగట్లేదు, రాడ్లు మాత్రం తెగుతున్నాయి

బావి_బాబు
ఉత్తర గుజరాత్‌లో ఒక పాత ఆన్‌షోర్ ఫీల్డ్. కంపెనీ పేరు వద్దు. కాకినాడలో పెట్రోలియం ఇంజనీరింగ్ చదివి ఇక్కడ వచ్చి పడ్డాను. నాకు అప్పగించిన బావుల్లో ఒకటి ప్రాణం తీస్తోంది.

ఎస్ఆర్‌పీ బావి ఇది, అంటే పైన ఊగే యూనిట్ పొడవాటి ఇనుప రాడ్లతో కింది పంపుని ఆడిస్తుంది. పంపు 1,280 మీటర్ల లోతులో ఉంది. ప్లంజర్ (పంపులో పైకీ కిందికీ ఆడే పిస్టన్) ఒకటిన్నర అంగుళం, స్ట్రోక్ 100 అంగుళాలు, నిమిషానికి 6 స్ట్రోకులు. రోజుకి 9 క్యూబిక్ మీటర్ల లిక్విడ్ వస్తోంది, అందులో 40 శాతం దాకా నీళ్లే. "స్పీడ్ పెంచు, ఆయిల్ దానంతట అదే వస్తుంది" అన్నారు పైవాళ్లు. పుల్లీ మార్చి 8 స్ట్రోకులు చేశాం. వచ్చింది మళ్లీ 9. కొసరుగా రాడ్ తెగింది. వర్క్‌ఓవర్ రిగ్ (బావి రిపేరు యంత్రం) తెప్పించి బాగుచేసి నడిపితే మళ్లీ దాదాపు అదే చోట, రాడ్ల వరస (స్ట్రింగ్) కింది భాగంలోనే తెగింది.

ఇప్పుడు మీటింగుల్లో ఒకరు ఈఎస్పీ (బావి లోపలికి దించే కరెంటు మోటర్ పంపు) వేద్దాం అంటారు, ఇంకొకరు స్పీడ్ ఇంకాస్త పెంచి చూద్దాం అంటారు. మధ్యలో నేను. అసలు ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలి?

మెహసానా_మావయ్య
స్పీడ్ పెంచమన్నాయన్ని ఒక రాత్రి షిఫ్టు ఆ బావి దగ్గర కూర్చోబెట్టు. డౌన్‌స్ట్రోక్ సగంలో యూనిట్ మొత్తం దభీమని అదరడం ఆయనకే తెలుస్తుంది.

లెక్క వేసుకో తమ్ముడూ. ప్లంజర్ వ్యాసం వర్గం, దాన్ని స్ట్రోక్‌తో, స్పీడ్‌తో, 0.1166తో గుణిస్తే రోజుకి ఎన్ని బ్యారెళ్లో వస్తుంది. నీ పంపు 6 స్ట్రోకుల దగ్గర 157 బ్యారెళ్లు, అంటే 25 క్యూబిక్ మీటర్లు లాగగలదు. 8 దగ్గర 33. బావి ఇస్తున్నది 9. మిగతా స్ట్రోకంతా ఖాళీగా దిగి, ప్లంజర్ వెళ్లి లిక్విడ్ మీద గుద్దుకుంటోంది. దీన్నే ఫ్లూయిడ్ పౌండ్ అంటాం. ఆ గుద్దుడుకి కింద ఉన్న రాడ్లు వంగుతాయి, మళ్లీ లాగినప్పుడు సాగుతాయి. రోజుకి పదకొండు వేల సార్లు అలా వంగి సాగితే ఏ ఇనుమైనా తెగుతుంది.

స్పీడ్ తగ్గించు. నాలుగుకి దించు.

డైనో_దుర్గ
మావయ్య గారి లెక్క దాదాపు కరెక్టే గానీ 100 అంగుళాలు పైన పాలిష్ రాడ్ (స్ట్రింగ్ పైకొస) దగ్గర. 1,280 మీటర్ల రాడ్ స్ట్రింగ్ సాగుతుంది కాబట్టి కింద ప్లంజర్ కదిలేది అంతకంటే తక్కువ. 25 అన్నది పై హద్దు అనుకోండి.

బాబు గారూ, డైనమోమీటర్ కార్డ్ (స్ట్రోక్ పొడవునా రాడ్ మీద లోడ్ చూపే గ్రాఫ్) తీశారా? కార్డ్ చూడకుండా ఫ్లూయిడ్ పౌండ్ అనేయడం తొందరపాటు. గ్యాస్ ఇంటర్‌ఫియరెన్స్ (పంపులోకి గ్యాస్ దూరడం) కూడా ఇలాగే ఉంటుంది.

మెహసానా_మావయ్య
@డైనో_దుర్గ అమ్మా, కార్డులు లేని రోజుల్లో కూడా మేం బావులు నడిపాం.

డైనో_దుర్గ
నడిపారు, రాడ్లూ తెగ్గొట్టారు 🙂

అహ్మదీ_అన్న
ఈ గుర్రం తలల పంపులతో ఎన్నాళ్లు తంటాలు? కువైట్‌లో మేం ఈఎస్పీలే వేస్తాం. మోటర్, సీల్, ఇన్‌టేక్, పైన పంపు స్టేజీలు, కేబుల్ పైదాకా. వీఎఫ్‌డీ పెట్టుకుంటే స్పీడ్ ఆఫీసులో కూర్చుని మార్చుకోవచ్చు. రాడ్డే లేనప్పుడు తెగేదేముంది?

డైనో_దుర్గ
@అహ్మదీ_అన్న మీ బావి రోజుకి వేల బ్యారెళ్లు ఇస్తుంది. ఇక్కడ 9 క్యూబిక్ మీటర్లు, అంటే 57 బ్యారెళ్లు. ఈఎస్పీ మోటర్ పంపుకి కింద ఉంటుంది, దాని పక్క నుంచి పైకి వెళ్లే లిక్విడ్డే దాన్ని చల్లబరచాలి. అందుకు సెకనుకి ఒక అడుగు వేగమైనా ఉండాలని ఫీల్డ్‌లో అందరూ పాటించే లెక్క. ఏడు అంగుళాల కేసింగ్ (బావి బయటి గొట్టం), నాలుగున్నర అంగుళాల మోటర్ అనుకుంటే ఈ బావిలో 0.04 అడుగు కూడా రాదు. మోటర్ ఉడికిపోతుంది. పైగా గ్యాస్ ఉందేమో అని నాకు అనుమానం. ఈఎస్పీకి గ్యాస్ అంటే అసలు పడదు.

అహ్మదీ_అన్న
ష్రౌడ్ (లిక్విడ్‌ని మోటర్ పక్క నుంచే పోనిచ్చే తొడుగు) వేస్తే? గ్యాస్ సెపరేటర్ పెడితే?

డైనో_దుర్గ
వేయొచ్చు, పెట్టొచ్చు. 57 బ్యారెళ్ల కోసం అంత ఖర్చు ఎవరు ఒప్పుకుంటారు?

నల్గొండ_బోరు
నాకు ఆయిల్ గురించి తెలీదు, కానీ మా చేలో బోరుకి కూడా ఇదే కథ. నీళ్లు తగ్గాయని ఐదు హెచ్‌పీ తీసి ఏడున్నర దించారు మా బాబాయ్. పది నిమిషాలు పోసి గాలి లాగుతుంది, తర్వాత మోటర్ కాలింది. బోరులో ఊరేదే అంత అయితే మోటర్ ఏం చేస్తుంది?

మెహసానా_మావయ్య
@నల్గొండ_బోరు శభాష్. మా ఆఫీసులో పవర్‌పాయింట్ పెట్టి చెప్పినా ఎక్కనిది మీరు నాలుగు వాక్యాల్లో చెప్పారు.

సైలెంట్_రీడర్
బీటెక్ రెండో సంవత్సరం. ఒక బేసిక్ డౌట్. ఆయిల్ బావి అంటే ప్రెషర్‌తో చిమ్ముతుంది కదా, అసలు ఈ పంపులు ఎందుకు?

గ్యాస్‌లిఫ్ట్_గిరి
సినిమాల్లోనే అలా చిమ్మేది. బాబు బావినే తీసుకో. 1,280 మీటర్ల నీటి కాలమ్ అడుగున చదరపు సెంటీమీటరుకి దాదాపు 128 కేజీల ఒత్తిడి పెడుతుంది. నీళ్లు, ఆయిల్ కలిసింది కాబట్టి కాస్త తగ్గించుకో. పాత ఫీల్డ్‌లో రిజర్వాయర్ ప్రెషర్ 50 కేజీలకు పడిపోయి ఉంటే అది లిక్విడ్‌ని బావిలో ఐదు వందల మీటర్ల ఎత్తుకి తెచ్చి అక్కడ ఆగిపోతుంది. మిగతా దూరం మనం మోయాలి.

మోయడానికి రెండు దారులు. కింద పంపు పెట్టి నెట్టడం ఒకటి: ఎస్ఆర్‌పీ, ఈఎస్పీ, పీసీపీ (స్క్రూలా తిరిగే పంపు), జెట్ పంప్ అన్నీ ఇందులోకే వస్తాయి. కాలమ్ బరువు తగ్గించడం రెండోది. అదే నా పని. పై నుంచి కేసింగ్‌లోకి గ్యాస్ ఎక్కించి, వాల్వుల ద్వారా ట్యూబింగ్‌లోకి (కేసింగ్ లోపలి సన్నటి గొట్టంలోకి) పంపితే లిక్విడ్ తేలికై దానంతట అదే పైకి వస్తుంది.

ముంబై హైలో ఎక్కువ బావులు గ్యాస్ లిఫ్ట్ మీదే నడుస్తాయి. మన కోనసీమ తీరాన రవ్వ ఫీల్డ్‌లోనూ అదే పద్ధతి. ప్లాట్‌ఫారం మీద చోటు తక్కువ, బావులు ఏటవాలుగా తవ్వినవి, రాడ్లు వేస్తే ట్యూబింగ్‌ని ఒరుసుకుంటాయి. గ్యాస్ ఎలాగూ దొరుకుతుంది. గ్యాస్ లిఫ్ట్ వాల్వ్ పాడైతే రిగ్ కూడా అక్కర్లేదు, స్లిక్‌లైన్ (సన్నటి తీగ) దించి మార్చేస్తాం.

కోనసీమ_కుర్రోడు
రవ్వ టెర్మినల్ మా సూరసాని యానాం పక్కనే. చిన్నప్పటి నుంచి ఆ ఫ్లేర్ మంట చూస్తూ పెరిగాం గానీ లోపల ఏం జరుగుతుందో ఇప్పుడే తెలిసింది.

బావి_బాబు
@డైనో_దుర్గ కార్డ్ తీయించాను. అప్‌స్ట్రోక్ బాగానే ఉంది. డౌన్‌స్ట్రోక్‌లో లోడ్ నిటారుగా పడిపోవట్లేదు, వంపు తిరిగి మెల్లగా జారుతోంది. స్ట్రోక్ సగం దాటాకే ట్రావెలింగ్ వాల్వ్ (ప్లంజర్‌లో ఉండే వాల్వ్) తెరుచుకుంటున్నట్టు ఉంది. స్పీడ్ ప్రస్తుతానికి 6కి దించాం.

డైనో_దుర్గ
అనుకున్నదే. ఫ్లూయిడ్ పౌండ్ అయితే లోడ్ ఒక్కసారిగా కూలుతుంది. మెల్లగా జారుతోందంటే పంపు బ్యారెల్‌లో (ప్లంజర్ ఆడే గొట్టంలో) ఉన్నది ఖాళీ కాదు, గ్యాస్. ప్లంజర్ దాన్ని ముందు నొక్కాలి, నొక్కి నొక్కి పైన ట్యూబింగ్‌లోని ఒత్తిడిని దాటితేనే వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంకా ముదిరితే వాల్వే తెరుచుకోదు, గ్యాస్ లాక్. యూనిట్ ఊగుతూనే ఉంటుంది, చుక్క రాదు.

ఎకోమీటర్ షాట్ (శబ్దం ప్రతిధ్వనితో కొలత) కొట్టి బావిలో లిక్విడ్ లెవెల్ చూడండి. దాంతోపాటు కేసింగ్ ప్రెషర్, ఫ్లోలైన్ (బావి నుంచి లిక్విడ్ వెళ్లే పైపు) ప్రెషర్ రెండూ ఒకే సమయంలో రాయండి. మూడూ కావాలి.

మెహసానా_మావయ్య
మెల్లగా జారినా, ఒక్కసారిగా కూలినా బావి ఇచ్చేది తొమ్మిదే కదమ్మా. స్పీడ్ తగ్గించమన్న నా మాటలో తప్పేముంది?

డైనో_దుర్గ
తగ్గించడంలో తప్పు లేదు. "బావి ఇచ్చేది తొమ్మిదే" అన్నది మాత్రం ఇంకా తేలలేదు. గ్యాస్ పోయే దారి మూసుకుపోయి ఉంటే బావి ఇవ్వగలిగింది కూడా ఇవ్వదు.

మిడ్‌లాండ్_మూర్తి
టెక్సాస్ నుంచి. పర్మియన్‌లో కొత్త షేల్ బావి మొదట్లో విపరీతంగా ఇస్తుంది, అప్పుడు ఈఎస్పీ లేదా గ్యాస్ లిఫ్ట్. ఉత్పత్తి నిట్టనిలువుగా పడిపోయాక చివరికి రాడ్ పంపు దగ్గరికే వస్తారు. అహ్మదీ అన్న గుర్రం తలల్ని చులకన చేస్తున్నారు గానీ, అమెరికాలో లిఫ్ట్ మీద నడిచే బావుల్లో సంఖ్యాపరంగా ఎక్కువ ఇవే.

ఇంకోటి, ఈఎస్పీని ఇక్కడ నిలబెట్టింది రష్యా నుంచి వచ్చిన ఆర్మైస్ అరుటునాఫ్ అనే ఇంజనీర్. 1920ల చివర్లో ఓక్లహోమాలోని బార్ట్‌ల్స్‌విల్‌లో దుకాణం పెట్టాడు. ఇప్పుడు నల్గొండ బోరులో ఉన్న సబ్‌మెర్సిబుల్‌దీ అదే కుటుంబం.

నల్గొండ_బోరు
మా బాబాయ్‌కి చెప్తా, మీ మోటర్‌కి రష్యా చుట్టాలున్నారని.

బార్మేర్_బుజ్జి
జెట్ పంప్ అని గిరి గారు ఒక్క మాటతో దాటేశారు, నేను కాస్త చెప్తా. రాజస్థాన్‌లో మంగళ ఫీల్డ్, 2004లో దొరికింది, 2009లో ఉత్పత్తి మొదలైంది. అక్కడి క్రూడ్‌లో మైనం ఎక్కువ, వేడి తగ్గితే గడ్డ కడుతుంది. అందుకే బయటికి పంపే పైప్‌లైన్‌కి కూడా పొడవునా వేడి ఇస్తారు. అలాంటి బావిలో జెట్ పంప్ వేసి పవర్ ఫ్లూయిడ్‌గా వేడి నీళ్లు పంపితే ఒక దెబ్బకి రెండు పిట్టలు: నాజిల్ గుండా దూకే నీళ్లు ఆయిల్‌ని లాక్కొస్తాయి, దారిలో మైనం పట్టకుండా వేడీ అందుతుంది. కింద కదిలే భాగం ఒక్కటీ లేదు. పవర్ మాత్రం బాగా తింటుంది. కాసేపట్లో బయటికి పారబోసే నీటికి అంత ప్రెషర్ ఎక్కించాలి మరి.

అహ్మదీ_అన్న
మంగళలో ఈఎస్పీలు కూడా ఉన్నాయి, అది చెప్పండి.

బార్మేర్_బుజ్జి
ఉన్నాయి సార్, హారిజాంటల్ బావుల్లో. మీ పార్టీని ఎవరూ ఓడించట్లేదు.

బావి_బాబు
షాట్ కొట్టాం. లెవెల్ పంపుకి 60 మీటర్ల పైన చూపిస్తోంది. కేసింగ్ ప్రెషర్ 12 కేజీలు. ఫ్లోలైన్ 4.

డైనో_దుర్గ
12, 4 అని సరిగ్గా చూసే రాశారా? కేసింగ్ వాల్వ్ తెరిచే ఉందా?

బావి_బాబు
వాల్వ్ తెరిచే ఉంది. గేజ్ మార్చి కూడా చూశాను, అదే రీడింగ్.

డైనో_దుర్గ
అయితే దొరికింది. యాన్యులస్‌లోకి (కేసింగ్‌కీ ట్యూబింగ్‌కీ మధ్య జాగాలోకి) వచ్చే గ్యాస్ కేసింగ్ వాల్వ్ గుండా, ఒక వైపే వదిలే నాన్ రిటర్న్ వాల్వ్ (ఎన్‌ఆర్‌వీ) దాటి ఫ్లోలైన్‌లో కలవాలి. అలా కలుస్తుంటే కేసింగ్ ప్రెషర్ ఫ్లోలైన్ కంటే కొంచెమే ఎక్కువ ఉండాలి, ఐదు దాకా అనుకోండి. పన్నెండుంటే ఎన్‌ఆర్‌వీ పట్టేసింది. పోవడానికి దారి లేని గ్యాస్ లెవెల్‌ని కిందికి తొక్కి పంపు నోటి దాకా తెచ్చింది, అక్కడి నుంచి బ్యారెల్‌లోకి దూరుతోంది.

ఆ అరవై మీటర్లని కూడా నమ్మకండి. అది సగం నురగే.

గ్యాస్‌లిఫ్ట్_గిరి
దుర్గ గారి మాటకి నా ఓటు. ఎనిమిది కేజీల అనవసర ఒత్తిడి అంటే ఫార్మేషన్ (ఆయిల్ ఉన్న రాతి పొర) ముఖాన దాదాపు 80 మీటర్ల నీటి కాలమ్ నిలబెట్టినట్టే. రిజర్వాయర్‌లో రెండు వందల కేజీలుంటే ఇది ఎవరికీ పట్టదు. నలభై యాభై ఉన్న చోట మాత్రం ఈ ఎనిమిదే పెద్ద తేడా. బాబు, ఆ బావి రిజర్వాయర్ ప్రెషర్ ఎంత?

బావి_బాబు
చివరిసారి కొలిచినప్పుడు 45.

గ్యాస్‌లిఫ్ట్_గిరి
ఇప్పుడు పంపు దగ్గర 20 ఉందనుకుందాం. 25 కేజీల తేడాకి 9 క్యూబిక్ మీటర్లు వస్తున్నాయి. ఎనిమిది తగ్గించి తేడా 33 చేస్తే దాదాపు 12 రావాలి. ఉజ్జాయింపు లెక్కే, బబుల్ పాయింట్ (ఆయిల్ నుంచి గ్యాస్ విడిపోవడం మొదలయ్యే ప్రెషర్) కింద ఇంత తిన్నగా ఉండదు. అయినా స్పీడ్ పెంచి తేలేకపోయిన దానికంటే నయం.

మెహసానా_మావయ్య
ఎన్‌ఆర్‌వీ విప్పేముందు రెండు వైపులా వాల్వులు మూసి, మధ్యలో ప్రెషర్ పూర్తిగా వదిలి, గేజ్ సున్నా చూపించాకే స్పానర్ పట్టుకోండి. 12 కేజీలే కదా అని ఎదురుగా నిలబడి బోల్టు విప్పినవాణ్ణి నేను చూశాను. ముఖాన పడింది గ్యాస్ కాదు, ఫ్లాప్ వెనక గడ్డకట్టిన మైనం ముద్ద. కళ్లజోడు ఉంది కాబట్టి బతికిపోయాడు.

బావి_బాబు
సరే సార్. పర్మిట్ తీసుకుని మెయింటెనెన్స్ వాళ్లతో చేయిస్తాను.

కోనసీమ_కుర్రోడు
ఈలోగా ఒక సైడ్ డౌట్. మా వైపు గ్యాస్ బావుల్లోకి సబ్బు కడ్డీలు వేస్తారంటారు, నిజమేనా? మా మామయ్య కాంట్రాక్ట్ పనికి వెళ్లొచ్చి చెబితే అందరం నవ్వాం.

మిడ్‌లాండ్_మూర్తి
నిజమే, నవ్వాల్సిన పని లేదు. గ్యాస్ బావి ప్రెషర్ తగ్గేకొద్దీ గ్యాస్ వేగం తగ్గుతుంది. ఒక వేగం కంటే పడిపోతే నీటి తుంపర్లని పైకి మోయలేదు, అవి అడుగున చేరి బావినే నొక్కేస్తాయి. ఆ వేగం ఎంతన్నది 1969లో టర్నర్ బృందం ఇచ్చిన సమీకరణంతో ఇప్పటికీ లెక్కేస్తాం. సబ్బు కడ్డీ వేస్తే నీళ్లు నురగై తేలికవుతాయి, తక్కువ వేగం ఉన్నా పైకి వస్తాయి. మా దగ్గర ప్లంజర్ లిఫ్ట్ ఎక్కువ: ట్యూబింగ్‌లో ఒక ఇనుప ముక్క పడుతూ లేస్తూ నీటిని నెట్టుకొస్తుంది. నడిపేది బావి గ్యాసే, కరెంటు బిల్లు లేదు.

కోనసీమ_కుర్రోడు
మామయ్యకి క్షమాపణ చెప్పాలన్నమాట. అడిగితే ఒక గ్యాస్ సిలిండర్ ఇప్పించమంటాడు.

బావి_బాబు
ఎన్‌ఆర్‌వీ విప్పాం. ఫ్లాప్ సీటుకి మైనం, స్కేల్ (ఖనిజాల పెచ్చు) కలిసి పట్టేసింది, వేలితో కదిపితే కదల్లేదు. కొత్తది వేశాం. కేసింగ్ ప్రెషర్ 5కి దిగి అక్కడే ఆగింది. జీజీఎస్‌లో (బావుల ఆయిల్ చేరే స్టేషన్‌లో) టెస్ట్ సెపరేటర్ మీద పెట్టి చూస్తే లిక్విడ్ 12కి కొంచెం తక్కువ. నీటి శాతం మారలేదు. కార్డ్ ఇదివరకటి కంటే నిండుగా ఉంది గానీ కుడివైపు ఇంకా ఖాళీ ఉంది.

మీటింగ్‌లో ఈఎస్పీ ఊసు ఆగింది.

అహ్మదీ_అన్న
సరే, ఈ ఒక్క బావికి ఊరుకుంటున్నాను.

మెహసానా_మావయ్య
దుర్గమ్మా, ఎన్‌ఆర్‌వీ సంగతి నీదే పైచేయి. ఇప్పుడు నా మాట విను బాబూ. పన్నెండు వచ్చినా నీ పంపు ఇంకా 25 లాగేదే. 4 స్ట్రోకులకి దించితే 16 పైచిలుకు లాగుతుంది, పన్నెండుకి అది సరిపడా. పుల్లీతో అంత దిగకపోతే టైమర్ పెట్టి కాసేపు నడిపి కాసేపు ఆపు. ఆపేటప్పుడు మాత్రం జాగ్రత్త, నీ క్రూడ్‌లో మైనం ఉంది, ఎక్కువసేపు ఆపితే ఫ్లోలైన్ బిగుసుకుంటుంది. చలికాలం మెహసానా తెల్లవారుజామున ఎలా ఉంటుందో నీకు తెలీదు.

డైనో_దుర్గ
ఈసారి మావయ్య గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. టైమర్ కంటే స్పీడ్ తగ్గించడమే మేలు. తర్వాత వర్క్‌ఓవర్ వచ్చినప్పుడు ప్లంజర్ ఒకటింబావు అంగుళానికి మార్చండి. రాడ్ మీద లిక్విడ్ బరువు కూడా మూడో వంతు దాకా తగ్గుతుంది. అదే చిన్న పంపుని 5 స్ట్రోకుల మీద నడిపితే పై హద్దు 14న్నర. కింద రెండు మూడు సింకర్ బార్లు (బరువైన రాడ్లు) వేస్తే డౌన్‌స్ట్రోక్‌లో రాడ్లు వంగవు.

ఇంకో ప్రశ్న. పంపు ఇన్‌టేక్ పెర్ఫొరేషన్లకి (ఆయిల్ రావడానికి కేసింగ్‌కి కొట్టిన చిల్లులకి) పైన ఉందా, కిందా?

బావి_బాబు
పైన. పెర్ఫొరేషన్లు 1,296 నుంచి 1,302 వరకు. బావి అడుగు 1,340.

డైనో_దుర్గ
మరి కింద దాదాపు నలభై మీటర్ల జాగా పెట్టుకుని పైన ఎందుకు వేలాడదీశారు? ఇన్‌టేక్‌ని 1,315 దాకా దించితే లిక్విడ్ కిందికి దిగి పంపులోకి వెళ్తుంది, గ్యాస్ కేసింగ్‌లో పైకి పోతుంది. విడిగా గ్యాస్ యాంకర్ (గ్యాస్‌ని వేరుచేసే పరికరం) కూడా అక్కర్లేదు.

మెహసానా_మావయ్య
ఆగు ఆగు. కాగితం మీద 1,340. అక్కడ ఇసుక ఎంత పేరుకుందో ఎవరు చూశారు? మా రోజుల్లో ఇలాగే దించి, ఇసుకలో కూరుకుపోయిన పంపుని లాగలేక ట్యూబింగ్‌తో సహా వదిలేసిన బావి ఉంది. రిగ్ వచ్చినప్పుడు ముందు బావి అడుగు ట్యాగ్ చేయి, అంటే తాకించి లోతు చూడు. 1,330 కంటే పైన తగిలితే బెయిలర్‌తో (ఇసుక తోడే గొట్టంతో) శుభ్రం చేసి, అప్పుడు పంపు లోతు తేల్చుకో.

బావి_బాబు
రిగ్ వచ్చే నెల షెడ్యూల్‌లో ఉంది. ట్యాగ్ చేయడం, చిన్న ప్లంజర్, సింకర్ బార్లు, మూడూ ప్రోగ్రామ్‌లో రాసి పంపాను. అప్పటిదాకా 4 మీద నడుపుతాం, పుల్లీ రేపు మారుస్తున్నారు.

సైలెంట్_రీడర్
ట్యాగ్ డెప్త్ ఎంత వచ్చిందో ఇక్కడే పెట్టండి అన్నా. కొత్త త్రెడ్ తెరవొద్దు, నేను దీన్ని నోట్స్‌లా రాసుకుంటున్నా.